స్కూలువాళ్లు ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అంటున్నారు: స్పెషల్ ఎడ్యుకేషన్ ఎవాల్యుయేషన్‌ను ఎలా అడగాలి?

రెండో తరగతి అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము టెక్సస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి ఏడేళ్లు. పబ్లిక్ స్కూల్లో, అంటే ఇక్కడి ప్రభుత్వ బడిలో, రెండో తరగతి చదువుతున్నాడు. మాటలు కాస్త ఆలస్యంగా వచ్చాయి గాని, వచ్చాక తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ధారాళంగానే మాట్లాడుతున్నాడు. చిక్కంతా చదవడంలో ఉంది. రోజూ పడుకోబోయే ముందు ఒక బొమ్మల పుస్తకం నాకు చదివి వినిపిస్తాడు. తప్పు లేకుండా చదువుతున్నాడని నేను మురిసిపోతూ ఉండేదాన్ని. కిందటి నెలలో ఒక రోజు పేజీ తిప్పడం మరిచిపోయి, తరువాతి పేజీలో ఉండే వాక్యాన్ని ఈ పేజీ మీదే వేలు పెట్టి చదివేశాడు. అనుమానం వచ్చి, బొమ్మను అరచేత్తో మూసి ఒక్క వాక్యం చదవమన్నాను. నోరు పెగల్లేదు. పుస్తకమంతా వాడికి కంఠతా వచ్చు, చదవడం మాత్రం రాదు.

అక్టోబరులో జరిగిన పేరెంట్ కాన్ఫరెన్స్‌లో టీచరు దగ్గర ఈ మాట ఎత్తాను. ఇంట్లో రెండు భాషలు మాట్లాడే పిల్లలకు ఇది మామూలేనని, ఇప్పటికే చిన్న బృందంలో కూర్చోబెట్టి అదనంగా చదివిస్తున్నామని, దాని ఫలితం తేలేదాకా ఓపిక పట్టమని ఆమె చెప్పారు. సంక్రాంతి వెళ్లాక మళ్లీ అడిగితే అదే జవాబు వచ్చింది. టీచరు మంచి మనిషి, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ వాడు ఈమధ్య పొద్దున్నే కడుపు నొప్పి అంటున్నాడు. శనివారం, ఆదివారం ఆ నొప్పి ఉండడం లేదు.

నా సందేహాలు ఇవి. ఎవాల్యుయేషన్, అంటే వాడికి వైకల్యం ఏమైనా ఉందా, స్పెషల్ ఎడ్యుకేషన్ (ప్రత్యేక బోధన) అవసరమా అని తేల్చే పరీక్షలు, చేయమని స్కూలును గట్టిగా అడిగే హక్కు మాకు ఉందా, ఉంటే ఎవరిని, ఎలా అడగాలి? మేము వీసా మీద ఉన్నాం కాబట్టి దాని ప్రభావం ఏమైనా ఉంటుందా? స్పెషల్ ఎడ్యుకేషన్ అన్న ముద్ర వాడికి జీవితాంతం ఉండిపోతుందని మా అత్తగారు భయపడుతున్నారు. నిజం చెప్పాలంటే ఆ భయం నాకూ లేకపోలేదు. ఇంగ్లీషు మాత్రమే మాట్లాడమని స్కూలువాళ్లు అంటున్నారు గనుక ఇంట్లో తెలుగు ఆపేయాలా?

ఇద్దరు పిల్లల నాన్న

మీ ప్రశ్నలోనే జవాబు సగం ఉందండి. అక్టోబరులో అడిగానన్నారు, జనవరిలో అడిగానన్నారు. రెండుసార్లూ నోటితో అడిగారు. నేనూ ఏడాది పాటు అదే పని చేశాను. సాయంత్రం పిల్లను తీసుకురావడానికి వెళ్లినప్పుడల్లా గుమ్మం దగ్గర టీచరుతో మాట్లాడి, స్కూలుకు విషయం తెలుసు కదా అనుకుంటూ ఇంటికి వచ్చేవాణ్ణి. తీరా ఫైలు అడిగి చూస్తే అందులో నేను అడిగినట్టు ఒక్క ముక్క కూడా లేదు. నోటిమాటతో గడువు మొదలవదు, కాగితంతో మొదలవుతుంది.

మీకు హక్కు ఉంది. 1975లో వచ్చి, 1990లో పేరు మార్చుకున్న అమెరికా కేంద్ర చట్టాన్ని ఇక్కడ అందరూ ఐడియా (IDEA) అంటారు. వైకల్యం ఉన్న పిల్లలకు మూడేళ్ల వయసు నుంచి, వారి అవసరానికి తగిన చదువును ఉచితంగా పబ్లిక్ స్కూలే అందించాలని దాని సారాంశం. అలాంటి పిల్లలు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికి గుర్తించే బాధ్యతను కూడా ఆ చట్టం స్కూలు డిస్ట్రిక్టు (ఆ ప్రాంతపు పబ్లిక్ స్కూళ్లను నడిపే సంస్థ) మీదే పెట్టింది. అంటే మీరు అడుగుతున్నది దయ కాదు, వాళ్లు తమంతట తామే చేయవలసిన పని. అదనపు బృందంలో చదివిస్తున్నామన్న కారణంతో ఎవాల్యుయేషన్‌ను వాయిదా వేయడం గాని నిరాకరించడం గాని కుదరదని కేంద్ర విద్యాశాఖ 2011 జనవరిలోనే రాష్ట్రాలకు లిఖితపూర్వకంగా చెప్పింది. బృందం బృందమే, ఎవాల్యుయేషన్ ఎవాల్యుయేషనే. రెండూ ఏకకాలంలో నడవవచ్చు.

ఇక ఎవరికి రాయాలన్నది. టెక్సస్ చట్టం ప్రకారం అభ్యర్థన డిస్ట్రిక్టు స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టరుకు గాని, డిస్ట్రిక్టులో పరిపాలన బాధ్యత ఉన్న ఉద్యోగికి గాని చేరాలి. అందుకని ఒక్క టీచరుకే ఈమెయిలు పంపి ఊరుకోకండి. డైరెక్టరుకు, ప్రిన్సిపాలుకు ఇద్దరికీ పంపి, టీచరుకు కాపీ పెట్టండి. ఉత్తరం పెద్దగా ఉండనక్కరలేదు. నేను రాసింది తెలుగులో చెప్పాలంటే ఇంతే: ‘మా అమ్మాయి ఫలానా, ఫలానా తరగతి. చదవడంలో తనకు వైకల్యం ఉందేమోనని మా అనుమానం. ఐడియా చట్టం కింద అనుమానం ఉన్న అన్ని అంశాలలోనూ పూర్తి స్థాయి ఎవాల్యుయేషన్ చేయవలసిందిగా కోరుతున్నాం. సమ్మతి పత్రం పంపగలరు.’ దాని కింద, ఇంట్లో మేము గమనించినవి నాలుగు వాక్యాలు. మీరు పైన రాసిన పేజీ తిప్పడం మరిచిపోయిన సంగతి, కడుపు నొప్పి సంగతి, రెండూ అందులో తప్పక రాయండి. ‘బాగా చదవడం లేదు’ అన్న మాట కంటే ఆ ఒక్క సంఘటన వందరెట్లు ఎక్కువ చెబుతుంది.

ఆ ఉత్తరం అందాక 15 స్కూలు రోజుల లోపల వాళ్లు రెండింటిలో ఒకటి చేయాలి: ఎవాల్యుయేషన్‌కు ఒప్పుకొని సమ్మతి పత్రం పంపాలి, లేదా ఎందుకు చేయబోమో కారణాలతో సహా రాసి ఇవ్వాలి. దీన్ని ప్రయర్ రిటెన్ నోటీసు అంటారు. ‘చూద్దాం’ అన్న మాటకు మాత్రం ఇందులో చోటు లేదు. మీరు సంతకం చేసిన సమ్మతి వాళ్లకు అందిన రోజు నుంచి 45 స్కూలు రోజుల్లో రిపోర్టు పూర్తి కావాలి; బాబు ఆ మధ్యలో మూడు రోజులు, అంతకుమించి స్కూలు మానేస్తే అన్ని రోజులూ గడువుకు కలుస్తాయి. రిపోర్టు వచ్చాక 30 రోజుల్లో, బాబుకు అర్హత ఉందా, ఏ సేవలు ఇవ్వాలి అన్నది తేల్చే మీటింగు పెట్టాలి. వేరే రాష్ట్రాలలో ఈ లెక్కలు మారతాయి. రాష్ట్రం తనకంటూ గడువు పెట్టుకోని చోట కేంద్ర నియమం ప్రకారం సమ్మతి నుంచి 60 రోజులు.

పైన చెప్పిన 15, 45 మాత్రం స్కూలు రోజులు, క్యాలెండరు రోజులు కావు. బడి ముగియడానికి 35 నుంచి 44 స్కూలు రోజులు మిగిలి ఉండగా సమ్మతి అందితే రిపోర్టు జూన్ 30కల్లా ఇవ్వాలి; 35 కంటే తక్కువ మిగిలి ఉంటే మాత్రం లెక్క వేసవి దాటి వచ్చే తరగతిలోకి వెళ్లిపోతుంది. ఏప్రిల్‌లో అడిగినవాళ్లు ఎంత నష్టపోతారో చూడండి. అందువల్ల ఈ వారమే పంపండి.

మన రాష్ట్రంలో ఇంత పట్టుగా ఉండమని చెప్పడానికి ఒక కారణం ఉంది. 2004లో టెక్సస్ రాష్ట్ర విద్యాశాఖ, స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉండే విద్యార్థుల వాటాకు 8.5 శాతం అన్న కొలత ఒకటి పెట్టింది. డిస్ట్రిక్టులు దాన్ని పరిమితిగా పాటించి, అర్హులైన పిల్లలను కూడా వెనక్కి పంపుతూ వచ్చాయి. 2016లో పత్రికలు ఈ విషయం బయటపెట్టాయి; 2018లో కేంద్ర విద్యాశాఖ ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. ఆ కొలత పోయింది గాని, అలవాట్లు అంత తొందరగా పోవు.

వీసా సంగతి అసలు పట్టించుకోకండి. 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు, వలస హోదా చూసి పబ్లిక్ స్కూలు చదువు నిరాకరించకూడదని తీర్పు చెప్పింది. ఆ కేసు పుట్టింది కూడా టెక్సస్‌లోనే.

స్కూలు స్పీచ్ థెరపిస్టు (వేరే రాష్ట్రం)

పై సోదరుడు చెప్పినదంతా నిజమే. నేను భాష విషయం మాత్రం కాస్త విపులంగా చెబుతాను, ఎందుకంటే ‘రెండు భాషల వల్లనే’ అన్న మాటతో మన పిల్లలకు రెండు రకాల అన్యాయమూ జరగడం నేను దగ్గరగా చూశాను. లోపం లేని పిల్లవాడికి లోపం అంటగట్టడం ఒకటి. నిజంగా సాయం కావలసిన పిల్లవాణ్ణి భాష నెపంతో ఏళ్ల తరబడి కూర్చోబెట్టడం ఇంకొకటి.

తెలుగు ఆపకండి. రెండు భాషలు వినడం వల్ల డిస్లెక్సియా (తెలివి ఉన్నా మాటలు చదవడం కష్టమయ్యే లోపం) రాదు, ఉన్నది ముదరదు. అమ్మ తనకు సహజమైన భాష వదిలి అరకొరగా ఇంకో భాషలో మాట్లాడితే పిల్లవాడికి అందే మాటల సంపద తగ్గుతుందే తప్ప చదువు మెరుగుపడదు. (టీచర్లు సదుద్దేశంతోనే ఆ సలహా ఇస్తారు, అయినా అది తప్పు సలహా.)

చట్టం ఈ విషయంలో రెండు మాటలు చెబుతుంది. ఇంగ్లీషు సరిగా రాకపోవడమే ప్రధాన కారణమైతే ఆ పిల్లవాడిని వైకల్యం ఉన్నవాడిగా నిర్ణయించకూడదు. అదే సమయంలో, పరీక్షలను పిల్లవాడి మాతృభాషలో గాని, వాడికి ఏం తెలుసో ఏం చేయగలడో సరిగా బయటపెట్టే మరో రూపంలో గాని, సాధ్యమైనంతవరకు జరపాలి. తెలుగు పిల్లల కోసం ప్రమాణీకరించిన పరీక్షలు ఇక్కడి స్కూళ్లలో సాధారణంగా దొరకవు కాబట్టి, ఎవాల్యుయేషన్ చేసేవారు ఇంగ్లీషు పరీక్షల అంకెల మీదే ఆధారపడకుండా ఇంటి సంగతులు అడగాలి. వాళ్లు అడగకపోతే మీరే చెప్పండి. మొదటి మాట ఎప్పుడు వచ్చింది, తెలుగులో కథ చెప్పమంటే మొదలు, మధ్య, చివర వరుసగా చెప్పగలడా, ప్రాసలు పట్టుకోగలడా, ‘పలక’లోంచి ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుందంటే చెప్పగలడా? వాడు తెలుగులో మాట్లాడుతుండగా అయిదు నిమిషాలు రికార్డు చేసి పెట్టుకోండి.

మన భాష స్వభావం తెలియనివారు తప్పుగా లెక్కవేసే అంశాలు కొన్ని ఉన్నాయి. తెలుగులో ‘ఎ’, ‘ది’ లాంటి ఆర్టికల్స్ లేవు, కాబట్టి మన పిల్లలు వాటిని వదిలేస్తారు. అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది అని రెండింటికీ ఒకే క్రియారూపం వాడతాం గనుక ‘షి’, ‘ఇట్’ల దగ్గర తడబడతారు. ఇవి భాషాభేదాలు, లోపాలు కావు. కానీ మాటల్లోని ధ్వనులను విడదీయలేకపోవడం, చూసిన మాటను మరుసటి నిమిషంలో గుర్తుపట్టలేకపోవడం అనేవి రెండు భాషల్లోనూ కనిపిస్తే అది భాషాభేదం కాదు. మీరు అక్షరాలు నేర్పే ప్రయత్నం చేసి ఉంటే, తెలుగు గుణింతం దగ్గర వాడు ఎలా ఇబ్బంది పడుతున్నాడో కూడా రాయండి. రాసినట్టే చదివే లిపిలో సైతం వాడికి ధ్వని, గుర్తు కలవడం లేదంటే, అది ఎవాల్యుయేటరుకు చాలా ఉపయోగపడే సమాచారం.

మరొక ముఖ్య విషయం. మీటింగులో జరిగేదంతా మీకు అర్థమయ్యేలా చూడడం స్కూలు బాధ్యత. అందుకోసం దుబాసీని ఏర్పాటు చేయవలసింది కూడా వాళ్లే. మీకు ఇంగ్లీషు బాగా వచ్చినా, ఆఫీసు ఇంగ్లీషు వేరు, ఆ గదిలో మాట్లాడే ఇంగ్లీషు వేరు. మీ భర్త చేత అనువాదం చేయించే ఏర్పాటుకు ఒప్పుకోకండి. ఆయన అక్కడ తండ్రిగా కూర్చోవాలి, దుబాసీగా కాదు.

ఇంకో అమ్మ, డాలస్ వైపు

చట్టం సంగతులన్నీ సరే గాని, మొదటి ఈమెయిలులోనే సెక్షన్లు ఏకరువు పెడితే స్కూలువాళ్లు బిగుసుకుపోతారని నా అనుభవం. మేము స్నేహంగా మాట్లాడి మా అమ్మాయికి 504 ప్లాను తీసుకున్నాం. పరీక్షల్లో అదనపు సమయం, ముందు వరుసలో కుర్చీ ఇచ్చారు. ఏ ముద్రా పడలేదు, ఏ గొడవా లేదు. మీరు కూడా ముందు అది ప్రయత్నించవచ్చు కదా?

ఇద్దరు పిల్లల నాన్న

మర్యాదగా రాయమనే నేనూ అంటున్నాను. కానీ మర్యాద కోసం రాయడమే మానుకోవద్దు. 504 విషయంలో మాత్రం ఈ తల్లిగారికి మీ సలహా సరిపోదనుకుంటున్నాను. 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్ వివక్షను అడ్డుకుంటుంది, వసతులు కల్పిస్తుంది; చదవడం వచ్చి, నెమ్మదిగా చదివే పిల్లకు అది చక్కగా పనికొస్తుంది. చదవడమే రాని పిల్లవాడికి అదనపు సమయం ఇస్తే, రాని పనిని మరింత సేపు చేస్తూ కూర్చుంటాడు. వాడికి కావలసింది వేరే పద్ధతిలో బోధన. అది ఐ.ఇ.పి. ద్వారా, అంటే ఆ ఒక్క పిల్లవాడి కోసం రాసే విద్యా ప్రణాళిక ద్వారా వస్తుంది. తల్లిదండ్రులకు ఉండే రక్షణలు కూడా అందులోనే బలంగా ఉంటాయి.

ముద్ర గురించి అత్తగారికి ఇలా చెప్పి చూడండి. ఎవాల్యుయేషన్‌కు ఇచ్చే సమ్మతి వేరు, సేవలు మొదలుపెట్టడానికి ఇచ్చే సమ్మతి వేరు. రిపోర్టు చూశాక సేవలు వద్దనుకుంటే మీరు సంతకం పెట్టకపోతే చాలు. ఆ నిర్ణయాన్ని తోసిపుచ్చే అధికారం స్కూలుకు లేదు. సేవలు మొదలయ్యాక ఎప్పుడైనా వద్దనిపిస్తే లిఖితపూర్వకంగా వెనక్కి తీసుకోవచ్చు. బాబు ఎక్కువ సమయం మామూలు తరగతిలోనే, తోటి పిల్లలతోనే ఉండాలన్నది చట్టం పెట్టిన నియమం. అక్కణ్ణించి తీసి వేరే గదికి పంపాలంటే కారణం చూపవలసింది వాళ్లు.

రెండో తరగతి అమ్మ

మీ అందరికీ కృతజ్ఞతలు. ఆ రోజు రాత్రే ఈమెయిలు పంపాను. తొమ్మిదో స్కూలు రోజున సమ్మతి పత్రం, దానితోపాటు తల్లిదండ్రుల హక్కుల పుస్తకం ఒకటి వచ్చాయి; సంతకం చేసి ఇచ్చాం. విచిత్రం ఏమిటంటే ఆ టీచరే నన్ను పక్కకు పిలిచి, మీరు రాయడం మంచిదైందని మెల్లగా అన్నారు.

ఇప్పుడు నా భయమంతా మీటింగు గురించే. ఏడెనిమిది మంది ఒక వైపు, మేమిద్దరం ఒక వైపు కూర్చుంటామట. అక్కడికక్కడే సంతకం పెట్టాలా? వాళ్లు చెప్పినది నచ్చకపోతే ఏం చేయాలి?

నాలుగు ఆర్డ్ మీటింగులు చూసిన అమ్మ

టెక్సస్‌లో ఈ మీటింగును ఆర్డ్ (ARD) కమిటీ మీటింగు అంటారు. మొదట సర్దుకోవలసింది మన మనసులోని బల్ల. వాళ్లొకవైపు మనమొకవైపు కాదండి. తల్లిదండ్రులు ఆ కమిటీలో సభ్యులు. సమావేశం సంగతి కనీసం అయిదు స్కూలు రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ సమయం మీకు కుదరకపోతే మార్చమని అడగవచ్చు. రిపోర్టు, ఐ.ఇ.పి. ముసాయిదా ముందే పంపమని ఇవాళే రాయండి. నా మొదటి మీటింగులో నలభై పేజీల రిపోర్టును ఆ గదిలోనే మొదటిసారి చూశాను. తల ఊపడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

ముసాయిదా రాగానే లక్ష్యాల పేజీ తెరవండి. మా వాడికి మొదట రాసిన లక్ష్యం ‘చదివే నైపుణ్యం మెరుగుపడుతుంది’ అని ఉంది. ఎంత నుంచి ఎంతకు, ఎవరు కొలుస్తారు, ఎప్పుడు చెబుతారు అని అడిగాను. గది కాసేపు నిశ్శబ్దమైంది. చివరకు అది, ముందెన్నడూ చూడని రెండో తరగతి స్థాయి పేరాను నిమిషానికి ఇన్ని మాటలు సరిగా చదవగలుగుతాడని, ఇప్పుడు చదువుతున్నవి ఇన్ని అని, ప్రతి తొమ్మిది వారాలకూ ఇంటికి వివరం పంపుతామని మారింది. మీ అబ్బాయికి పుస్తకాలు కంఠతా వస్తాయి గనుక ‘ముందెన్నడూ చూడని’ అన్న మాట మీ విషయంలో మరీ ముఖ్యం. తరువాత సేవల పేజీ: ఎవరు బోధిస్తారు, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, ఏ గదిలో. ‘అవసరాన్ని బట్టి’ అని ఉంటే అంకె వేయించండి.

ఏడాదికోసారి పై తరగతికి వెళ్తున్నాడు కదా, ఇంతకంటే ఏం కావాలి అనే ధోరణి కనిపిస్తే, 2017లో ఎండ్రూ ఎఫ్. కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గుర్తుంచుకోండి. పిల్లవాడి పరిస్థితులను బట్టి తగినంత పురోగతి సాధించగలిగేలా ప్రణాళిక ఉండాలని, ఏదో నామమాత్రపు లాభం చాలదని ఆ తీర్పు. అది ఆ గదిలో చదివి వినిపించనక్కరలేదు. మనకు తెలిసి ఉంటే గొంతు వణకదు.

సంతకం గురించి. హాజరైనట్టు పెట్టే సంతకం, ఒప్పుకున్నట్టు పెట్టే సంతకం ఒకటి కావు. ఏ గడిలో పెడుతున్నారో చూసి పెట్టండి. ఏకాభిప్రాయం కుదరకపోతే 10 స్కూలు రోజులకు మించకుండా విరామం తీసుకొని మళ్లీ కూర్చునే అవకాశం ఇవ్వాలి. ఆలోచించుకోవడానికి ఇంటికి తీసుకెళ్తామని చెప్పడంలో తప్పేమీ లేదు. అసలు ఎవాల్యుయేషనే సరిగా జరగలేదనిపిస్తే, బయటి నిపుణుల చేత డిస్ట్రిక్టు ఖర్చుతో మళ్లీ చేయించమని అడిగే హక్కు ఉంది. అప్పుడు వాళ్లు ఆ ఖర్చు పెట్టుకోవాలి, లేదా తమ ఎవాల్యుయేషన్ సరైనదేనని విచారణాధికారి ముందు నిరూపించుకోవాలి. ఊరికే కాదనడానికి వీల్లేదు. ఆ తరువాత ఉచిత మధ్యవర్తిత్వం, రాష్ట్రానికి ఫిర్యాదు, విచారణ అనే మెట్లున్నాయి. రాష్ట్రానికి చేసే ఫిర్యాదు తప్పు జరిగిన ఏడాది లోపల చేయాలి. దానికి లాయరు అక్కరలేదు, 60 రోజుల్లో నిర్ణయం రావాలి. మీ టీచరు తీరు చూస్తే అంత దూరం పోయే అవసరం రాదనిపిస్తోంది. ఒంటరిగా వెళ్లడానికి బెరుకైతే, ప్రతి రాష్ట్రంలోనూ కేంద్ర నిధులతో నడిచే తల్లిదండ్రుల శిక్షణ, సమాచార కేంద్రం కనీసం ఒకటి ఉంటుంది. వాళ్లు డబ్బు తీసుకోకుండా కాగితాలు చదివి పెడతారు.

అత్తగారి కోసం చివరగా ఒకటి. ఐ.ఇ.పి. తయారయ్యాక దాన్ని తెలుగులో రాసి గాని, మాటల్లో రికార్డు చేసి గాని ఇవ్వమని అడగండి. ఇంగ్లీషు మాట్లాడలేని తల్లిదండ్రుల భాష స్పానిష్ కాక వేరేదైనప్పుడు అలా ఇవ్వడానికి డిస్ట్రిక్టు చిత్తశుద్ధితో ప్రయత్నించాలని టెక్సస్ చట్టంలో ఉంది. మాకు ఆరు వారాల తరువాత ఒక రికార్డింగు ఇచ్చారు. తెలుగు కాస్త పుస్తకాల భాషలా ఉంది గాని, మా మామగారు మధ్యాహ్నం భోజనం అయ్యాక దాన్ని మొత్తం విని, సాయంత్రం మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని, నిమిషానికి ఎన్ని మాటలు అయ్యాయిరా అని అడిగారు.